కొత్త స్టేషన్ నక్షాలో ఆ పిల్లల చోటు ఎక్కడ?

దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ

రైల్ నిలయం, సికింద్రాబాద్



సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని కూల్చినప్పుడు ఊళ్లో చాలామంది దాని ఫోటోలు వెతికి తీసి వాట్సాప్‌లో పంచుకున్నారు. ఆ దిగులు నాకూ ఉంది గానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు. 1874లో వాడి జంక్షన్ నుంచి పట్టాలు వచ్చిన నాటి నుంచి ఈ స్టేషన్ రూపు మార్చుకుంటూనే ఉంది, ఇంకోసారి మారుతుంది. 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన ఈ పనికి సుమారు 700 కోట్ల రూపాయలు పెడుతున్నారు. పట్టాల మీదుగా స్కై కాంకోర్స్, లిఫ్టులు, ఎస్కలేటర్లు, అంతస్తుల పార్కింగ్, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ వేర్వేరు దారులు అని పత్రికల్లో బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లో ఇస్త్రీ బట్టల మనుషులు చక్రాల సూట్‌కేసులు లాక్కుంటూ నడుస్తుంటారు. నేను వెతికింది ఇంకొకరి కోసం. పెద్దవాళ్లెవరూ తోడు లేకుండా రైలు దిగే పిల్లవాడి కోసం. వాణ్ని అందరికంటే ముందు పలకరించాల్సిన హెల్ప్ డెస్క్ ఆ నక్షాలో ఎక్కడ పెట్టారు?

పిల్లల సంగతైతే మహిళా శిశు సంక్షేమ శాఖకో, బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కో రాసుకోవాలి గానీ రైళ్లు నడిపే మాకెందుకు అనిపించవచ్చు. ఇంట్లో తన్నులు తిన్నవాడు, పరీక్ష తప్పి మొహం చూపించలేని పిల్ల, సవతి తల్లి దగ్గర ఇమడలేనివాడు, సినిమా పిచ్చితో బయల్దేరినవాడు, మేస్త్రీ వెంట పనికొచ్చి తప్పిపోయినవాడు, వీళ్లెవరూ కలెక్టరేట్‌కు నడిచి వెళ్లరు. వాళ్లకు తెలిసిన దారి రైలు. ఇల్లు విడిచిన పిల్లలకు ప్రభుత్వం మొదటిసారి ఎదురుపడేది మీ ప్లాట్‌ఫారం మీద, ఖాకీ చొక్కాలోనో నల్లకోటులోనో. ఆ తర్వాత ఎన్ని శాఖలు వచ్చినా ఆ మొదటి పలకరింపు ఎలా జరిగిందన్నదాని మీదే మిగతా కథ నడుస్తుంది.

దూరపు బండి ఏదైనా వచ్చి ఆగాక కాసేపు అక్కడే నిలబడి చూడండి. జనం సామాన్లు దించుకుని బ్రిడ్జి మెట్ల వైపు తోసుకుంటూ పోతారు. ఒక్క పిల్లవాడు మాత్రం జనం పోయేవైపు పోడు. చేతిలో సంచి ఉండదు, ఉంటే ఒక ప్లాస్టిక్ కవరు. కాళ్లకు చెప్పులుండవు, ఉన్నా పాదం కంటే పెద్దవి. ముందు కుళాయి దగ్గరికి వెళ్లి కడుపునిండా నీళ్లు తాగుతాడు. తర్వాత ప్లాట్‌ఫారం చివర, రేకుల నీడ అయిపోయే చోట, బెంచీ మీద కాకుండా దాని వెనకాల కూర్చుంటాడు. అడుక్కోడు. ఎవరైనా పలకరిస్తే ‘మా నాయన టికెట్టు తేనీకి పోయిండు’ అంటాడు. హిందీలో చెప్పినా ఒడియాలో చెప్పినా జవాబు ఇంచుమించు ఇదే.

కూలీ అన్నలు వాణ్ని ఒక్క చూపులో పట్టేస్తారు. టీ కేన్ మోసే కుర్రాడు పట్టేస్తాడు, నీళ్ల బాటిళ్ల స్టాలాయన పట్టేస్తాడు. వీళ్లతో ఆగితే బాధ లేదు. ఖాళీ బాటిళ్లు ఏరించి కిలోల లెక్కన అమ్ముకునేవాడు, చాన్నాళ్లుగా అక్కడే పడుకుంటూ సొల్యూషన్ పీల్చే పెద్ద కుర్రాడు, హోటల్లో గిన్నెలు కడగడానికి నోరులేని పిల్లవాడు కావాల్సిన దళారి, అంతకంటే చెడ్డవాళ్లు, అందరికీ ఆ చూపే ఉంది. ఆడపిల్ల అయితే వాళ్లు ఇంకా త్వరగా వస్తారు. మంచివాడైనా చెడ్డవాడైనా అడిగే మొదటి మాట ఒకటే, ‘అన్నం తిన్నవా?’ అని. ఈ పోటీలో ప్రభుత్వం ఎన్నో స్థానంలో వస్తోందన్నదే నా ప్రశ్నంతా.

చట్టం వైపు నుంచి మనకు లోటు లేదు. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాల న్యాయ చట్టం ప్రకారం అలాంటి పిల్లవాడు దొరికితే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు, అంటే అందరూ సీడబ్ల్యూసీ అనే కమిటీ ముందు హాజరుపరచాలి. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒక మహిళ. ఆ కమిటీకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉన్నన్ని అధికారాలున్నాయి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. కూర్చోని వేళ దొరికిన పిల్లవాణ్ని ఒక్క సభ్యుడి ముందుకైనా తీసుకెళ్లవచ్చు కాబట్టి అర్ధరాత్రి అనే సాకు చెల్లదు. 15 రోజుల్లో సామాజిక దర్యాప్తు నివేదిక రావాలి, నాలుగు నెలల్లో విచారణ తేలాలి. హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గమనీ, పిల్లవాడి మాట వినాలనీ అదే చట్టం చెబుతోంది. దిక్కులేని పిల్లవాడు చేతికి దొరికాక 24 గంటల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098కో పోలీసుకో సీడబ్ల్యూసీకో చెప్పకపోతే అది నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్ మీ క్యాంటీన్ కాంట్రాక్టరుకూ పార్కింగ్ కాంట్రాక్టరుకూ వర్తిస్తుంది. వాళ్లతో మీరు రాసుకునే లైసెన్సు ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనుకుంటాను.

రైల్వేలు ఈ బాధ్యతను తమంతట తాము నెత్తికెత్తుకోలేదన్న సంగతి కూడా గుర్తు చేయాలి. ఒక ప్రజాహిత వ్యాజ్యంలో 2013లో ఢిల్లీ హైకోర్టు గట్టిగా చెప్పాక, 2015లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌తో కలిసి రైల్వే శాఖ ఒక పద్ధతి రాసుకుంది. స్టేషన్‌లో కనిపించిన పిల్లవాణ్ని ఎవరు, ఎవరికి, ఎంతలోగా అప్పగించాలో అందులో ఉంది. పెద్ద స్టేషన్లలో చైల్డ్ హెల్ప్ డెస్కులు వచ్చాయి, 2024 నాటికి 135కు పైగా స్టేషన్లలో ఉన్నాయని మీ మంత్రిత్వ శాఖే ప్రకటించింది. రైల్వే రక్షణ దళం, అంటే ఆర్‌పీఎఫ్, 2018లో ‘నన్హే ఫరిష్తే’ పేరుతో పని మొదలుపెట్టింది.

ఆ పని చిన్నది కాదు. 2018 నుంచి 2024 మే దాకా స్టేషన్లలో, బండ్లలో ఆర్‌పీఎఫ్ 84,119 మంది పిల్లల్ని కాపాడిందని లెక్క. మొదటి ఏడాదిలోనే 17,112 మంది, అందులో పదమూడు వేలకు పైగా ఇల్లు వదిలి వచ్చినవాళ్లు. కోవిడ్ ఏడాది 2020లో ఆ సంఖ్య 5,011కు పడింది, 2022లో 17,756కు లేచింది. రైళ్లు ఆగితే పిల్లలు ఆగారు, రైళ్లు కదిలితే పిల్లలు కదిలారు. ఈ లెక్కలు చూసి ఆర్‌పీఎఫ్ కానిస్టేబుళ్లను మెచ్చుకోవాలనే అనిపిస్తుంది. బందోబస్తు, చైన్ స్నాచింగులు, తత్కాల్ దళారులు, వీఐపీ రాకపోకలు, వీటి మధ్యలో బెంచీ వెనక కూర్చున్నవాణ్ని గమనించడమే గొప్ప.

కానీ ఆ 84,119 అనే అంకె ఎక్కడ ఆగుతుందో చూడండి. పిల్లవాణ్ని హెల్ప్ డెస్కుకో సీడబ్ల్యూసీకో అప్పగించి సంతకం తీసుకున్న చోట ఆగుతుంది. అక్కడి నుంచి వాడు ఇల్లు చేరాడా, హోమ్‌లో ఉన్నాడా, వారం తిరక్కుండా ఇంకో బండెక్కి విజయవాడలోనో నాగపూర్‌లోనో దిగాడా అన్నది ఆ లెక్కలో లేదు. మళ్లీ దొరికితే మళ్లీ ఇంకొకడిగా లెక్కలోకి వస్తాడు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని తెలంగాణ పోలీసులు ఏటా చేసే గాలింపులకూ ఇదే జబ్బు. నెలాఖరుకు పత్రికా సమావేశంలో ఒక పెద్ద అంకె వస్తుంది. ఫిబ్రవరిలో ఆ పిల్లలు ఎక్కడున్నారని అడిగే విలేకరి ఉండడు.

మీ శాఖ లోపలి పద్ధతి ఇలా ఉండదు. ఒక గూడ్సు బండిని పక్క స్టేషన్‌కు పంపాలన్నా అవతలి స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ ఇవ్వాలి. అవసరమైన చోట ఇద్దరూ ప్రైవేట్ నంబర్లు మార్చుకుని రిజిస్టరులో రాసుకోవాలి. బండి వదిలిన మాస్టరు బాధ్యత వదలగానే తీరదు. చివరి పెట్టె దాకా పూర్తిగా చేరిందని అవతలి నుంచి కబురు వచ్చేదాకా ఆ సెక్షన్ మూసి ఉన్నట్టే లెక్క. బొగ్గు వ్యాగన్లకు తరతరాలుగా పాటిస్తున్న ఈ కట్టుబాటు పిల్లవాడికి ఎందుకు ఉండకూడదు? సీడబ్ల్యూసీకి అప్పగించిన ప్రతి బిడ్డ విషయంలో, బిడ్డ పేరూ ఊరూ బయటపెట్టకుండానే, ‘ఇల్లు చేరాడు’, ‘హోమ్‌లో ఉన్నాడు’, ‘బడిలో చేరాడు’ అనే ఒక్క ముక్క తిరిగి స్టేషన్‌కు రావాలని మీరు అడగవచ్చు. రానివాటిని మూయని సెక్షన్లుగా లెక్క చూపించవచ్చు. ఆ రెండో అంకె మొదటి అంకె అంత అందంగా ఉండదు. అందుకే అది కావాలి.

కబురు తిరిగి రాకపోతే ఏమవుతుందో తెలంగాణ పోలీసులకే బాగా తెలుసు. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఒక బాలుణ్ని 2020లో వాళ్ల ‘దర్పణ్’ అనే ముఖ గుర్తింపు సాధనం పట్టిచ్చింది. వాడు అస్సాంలో ఒక బాలల గృహంలో ఉన్నాడు. అంటే ఐదేళ్లుగా వాడు ప్రభుత్వ వ్యవస్థ కంటికి కనిపిస్తూనే ఉన్నాడు, ఇంకో రాష్ట్రంలో వాడి కోసం మిస్సింగ్ కేసూ ఉంది. ఆ రెండు కాగితాలు కలవలేదు, అంతే. యంత్రం కలిపినందుకు సంతోషించాలి. ఐదేళ్ల పాటు మనుషులు కలపలేకపోయినందుకు ఏమనాలో మీరే చెప్పండి.

అసలు చిక్కు పిల్లవాడు ఒక్కడూ శాఖలు అన్నీ కావడం. ఆర్‌పీఎఫ్ మీది, కేంద్రానిది. జీఆర్‌పీ రాష్ట్ర పోలీసుది. టికెట్ లేని పిల్లవాణ్ని మొదట చూసే టీటీఈ మీ కమర్షియల్ విభాగం మనిషి. సీడబ్ల్యూసీ, జిల్లా బాలల సంరక్షణ విభాగం రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ శాఖ కింద ఉంటాయి, వాటికి డబ్బు మిషన్ వాత్సల్య అనే బాలల సంరక్షణ పథకం కింద కేంద్రం అరవై పాళ్లు, రాష్ట్రం నలభై పాళ్లు పెట్టాలి. అబ్బాయిల హోమ్ సైదాబాద్‌లో, అమ్మాయిల హోమ్ నింబోలిఅడ్డలో, చంటిపిల్లలైతే యూసుఫ్‌గూడ శిశువిహార్. బడి విద్యాశాఖది. వీటన్నిటినీ తప్పు పట్టే పని హక్కుల కమిషన్‌ది, కానీ దానికి విచారణ జరిపే అధికారమే తప్ప తీర్పు చెప్పే అధికారం లేదు, సిఫారసు చేసి ఊరుకోవాల్సిందే. ఇన్ని చేతులు మారే బిడ్డ ఏదో ఒక చేతి సందులోంచి జారకపోతే ఆశ్చర్యపోవాలి.

మీరు చేసిన ఒక మంచిపని వల్ల ఈ చిక్కు ఇంకా ముదిరింది. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్‌లో పనులు సాగుతున్నాయని ఎన్నో బండ్లను అటు మళ్లించారు. బండి మారితే టికెట్టున్న ప్రయాణికుడి ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఇల్లు విడిచి వచ్చే పిల్లవాడు మాత్రం బండి ఎక్కడ ఆగితే అక్కడే దిగుతాడు. సికింద్రాబాద్ స్టేషన్ హైదరాబాద్ జిల్లాలో ఉంది, చర్లపల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో. ఊరివాళ్లకు అది ఆటో దూరం. పిల్లవాడికి మాత్రం సీడబ్ల్యూసీ మారిపోయింది, సంరక్షణ అధికారి మారారు, వెళ్లాల్సిన హోమ్ కూడా మారవచ్చు. టెర్మినల్ కట్టినప్పుడు పార్కింగ్ లేదని, సిటీ బస్సులు చాలవని అందరూ గోల చేశారు, న్యాయమైన గోలే. ఆ బండ్లలో వచ్చే పిల్లల కోసం డెస్కు, దాన్ని నడిపే మనుషులు కూడా బండ్లతో పాటు మారారా అని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

1098 గురించి కూడా ఒక మాట. 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాజెక్టుగా మొదలైన ఆ నంబరును పాతికేళ్లకు పైగా స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు నడిపారు. 2023లో దాన్ని అత్యవసర నంబరు 112తో ముడిపెట్టి రాష్ట్ర ప్రభుత్వాల చేతికిచ్చారు. పిల్లల రక్షణ ప్రభుత్వం పని, ఎన్జీవోల దయాదాక్షిణ్యం కాదు అనేవాళ్లలో నేనూ ఒకణ్ని, కాబట్టి ఆ మార్పును తప్పుపట్టను. కానీ పాత కార్యకర్తలకు ఒక అలవాటు ఉండేది. ఫోను మోగేదాకా కూర్చోకుండా ఒకటో నంబరు నుంచి పదో నంబరు దాకా, అటు బోయిగూడ గేటు దాకా, బండి వచ్చినప్పుడల్లా నడిచేవాళ్లు. ఫోను లేని పిల్లవాడు నంబరు తిప్పడు గదా. కంట్రోల్ రూము ఎంత బాగా పనిచేసినా ఆ నడక దానికి రాదు. కొత్త ఏర్పాటులో ఆ నడిచే ఉద్యోగం ఎవరిదో రాతపూర్వకంగా తేలాలి. జీతం కూడా నెలనెలా అందాలి, ఎందుకంటే కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు మూణ్ణెల్లు జీతం రాకపోతే ముందు ఆగేది ఆ నడకే.

నడిచి చూస్తే సరిపోదు, ఏం చూస్తున్నామో కూడా తెలియాలి. 2023 మే నెలాఖరులో దానాపూర్–పూణే ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్న 59 మంది బిహార్ పిల్లల్ని మహారాష్ట్రలోని భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దించేశారు. అక్రమ రవాణా అని కేసు పెట్టారు, వెంట ఉన్న మదరసావాళ్లను జైల్లో పెట్టారు, పిల్లల్ని హోములకు పంపారు. అపార్థం జరిగిందంటూ పోలీసులే మరుసటి ఏడాది ఆ కేసు మూసేశారు. చదువుకోడానికి తల్లిదండ్రులు పంపిన పిల్లలు అన్ని రోజులు తమది కాని ఊళ్లో తాళాల వెనక గడిపారు. టోపీ చూసి అనుమానించడం గమనించడం కిందికి రాదు. అదే సమయంలో, కుదురుగా బట్టలు వేసి, నోట్లో ముందే జవాబులు పెట్టి, పెద్దమనిషి ఒకాయన తీసుకొచ్చే గుంపును ఎవరూ ఆపరు. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు, ఎక్కువమంది బిహార్ పిల్లలే. అంత దూరం నుంచి వాళ్లు విమానంలో రాలేదు. ఏదో ఒక ప్లాట్‌ఫారం మీద దిగి, ఏదో ఒక గేటు దాటే వెళ్లారు.

ఈ తేడా నేర్పగలవాళ్లు మీ కార్యాలయానికి ఎంతో దూరంలో లేరు. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఉంది ఎం.వి. ఫౌండేషన్. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరుతో 1981లో పుట్టిన ఆ సంస్థ 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి పిల్లల్ని బడికి తేవడంతో పేరు తెచ్చుకుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్నది వాళ్ల పట్టు. పేదరికం ఉంది గనుక పని తప్పదు అనే వాదనను వాళ్లు పల్లె పల్లెలో ఓడించి చూపించారు. ఆ పని నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు ఆవిడే. దేశ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి పెద్దను ఇచ్చిన ఊరి స్టేషన్ ఇది. టీటీఈలకు, కానిస్టేబుళ్లకు, స్టాళ్లవాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వండని అడిగితే ఈ ఊళ్లో కాదనేవాళ్లుంటారనుకోను.

శాంతా సిన్హా గారి తరం చెప్పిన బడి మాట ఇక్కడ ఊరికే తేలేదు. పిల్లవాణ్ని ఇంటికి చేర్చడంతో పని అయిపోదు. వాడు పారిపోయిన కారణం ఆ ఇంట్లోనే కూర్చుని ఉంటుంది. తాగి కొట్టే తండ్రి, అప్పు, మానేసిన బడి. మిషన్ వాత్సల్యలో అలాంటి కుటుంబాల పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. బియ్యం, ఫీజు, కొత్త బట్టలకు ఆ డబ్బు కొంత ఊపిరినిస్తుంది. సీడబ్ల్యూసీ ఉత్తర్వులో ఆ మాట ఉంటే పిల్లవాడు నిలుస్తాడు. లేకపోతే రైలు టైమ్‌టేబుల్ వాడికి తెలిసే ఉంది.

మీ వృత్తివాడే ఒకాయన ఈ సంగతి నా కంటే బాగా అర్థం చేసుకున్నాడు. డేవిడ్ మెయిడ్‌మెంట్ బ్రిటిష్ రైల్‌లో పెద్ద అధికారి, భద్రతా విధానాలు చూసేవాడు. 1989లో ముంబై చర్చిగేట్ స్టేషన్‌లో ఒక చిన్నపిల్ల తన ఒంటిని తానే కొరడాతో కొట్టుకుంటూ అడుక్కోవడం చూశాడు. ఇంటికి వెళ్లాక కూడా అది ఆయన్ని వదల్లేదు. 1995లో ‘రైల్వే చిల్డ్రన్’ అనే సంస్థ పెట్టాడు. ప్రమాదం జరిగాక పరుగెత్తడం కంటే దానికి ముందున్న క్షణాన్ని పట్టుకోవడమే భద్రత అని రైల్వేలో నేర్చినవాడు కాబట్టి, పిల్లవాడు స్టేషన్‌లో దిగిన వెంటనే, దుర్మార్గుడి కంటే ముందే వాణ్ని చేరాలన్నదాని మీద తన సంస్థను నిలబెట్టాడు. సమాజసేవకుల భాష మీకు కొత్త కావచ్చు. ఈ భాష మీదే.

ఇక డెస్క్ సంగతి. ఆర్‌పీఎఫ్ పోస్టు పక్కన గదిలో పెట్టడం అందరికీ సులువు, పిల్లలకు తప్ప. యూనిఫాం చూస్తే ఆమడ దూరం పరుగెత్తే పిల్లలు వీళ్లు. పిల్లలతో వ్యవహరించే పోలీసు మామూలు బట్టల్లో ఉండాలని నియమాలు చెప్పేది అందుకే. దిగేవాళ్ల దారి, ఎక్కేవాళ్ల దారి వేరు చేస్తున్నారు గనుక డెస్క్ దిగేవాళ్ల దారిలో ఉండాలి, అదీ స్కై కాంకోర్స్ పైన మాత్రమే కాదు. మెట్లెక్కి జనంలోకి వచ్చే ధైర్యం ఉన్న పిల్లవాడికి మన అవసరం అంతగా లేదు. ప్లాట్‌ఫారం చివర ఉండేవాడి కోసం కింద ఒక మనిషి తిరుగుతుండాలి, పైన ఒక గది ఉండాలి. గదికి తలుపుండాలి, ఎందుకంటే ఒక పదమూడేళ్ల పిల్ల తనకేం జరిగిందో కౌంటర్ దగ్గర నిలబడి, వెనకాల క్లోక్‌రూమ్ క్యూ వింటుండగా చెప్పలేదు. లోపల మరుగుదొడ్డి, పడుకోడానికి రెండు మంచాలు, మార్చుకోడానికి ఒక జత బట్టలు, వేడిగా తినడానికి ఏదైనా. రాత్రిపూట ఒక మహిళ తప్పనిసరి. హిందీ, ఒడియా, బెంగాలీ, మరాఠీలో ‘భయపడకు’ అనైనా అనగలిగేవాళ్లు ఫోనులో దొరకాలి. అమ్మకు ఫోను చేసుకుంటావా అని అడిగే ముందు, చేయాలని ఉందా అని అడగాలి. కొందరికి ఉండదు, దానికి కారణం ఉంటుంది.

విమానాశ్రయంలా కడుతున్నామని మీవాళ్లు గొప్పగా చెబుతున్నారు. విమానాశ్రయంలో ఇలాంటి పిల్లలు కనిపించరన్నది నిజమే, వాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు. టికెట్ గేట్లు, స్కానర్లు, కాపలాలు పెరిగితే సికింద్రాబాద్‌లోనూ కనిపించరు. అప్పుడు వాళ్లు అవుటర్ సిగ్నల్ దగ్గర దిగుతారు, యార్డులో ఆగిన ఖాళీ పెట్టెల్లో పడుకుంటారు. స్టేషన్ శుభ్రంగా ఉంటుంది, లెక్కలో పిల్లల సంఖ్య తగ్గుతుంది, దాన్ని విజయమని ఎవరైనా నివేదిక రాసినా రాస్తారు. ఆ నివేదిక మీ బల్ల మీదికి వస్తే సంతకం పెట్టే ముందు యార్డు ఒకసారి చూసి రమ్మని మనవి.

ఈ ఉత్తరానికి జవాబు పత్రికల్లో ఇచ్చినా సరే, స్టేషన్ నోటీసు బోర్డు మీద అంటించినా సరే. కొత్త భవనంలో డెస్క్ ఏ ప్లాట్‌ఫారం వైపు, ఎంత చోటులో వస్తోందో చెప్పండి. రాత్రి పది దాటాక అందులో ఎవరుంటారో, వాళ్ల జీతం ఏ శాఖ ఇస్తుందో చెప్పండి. చర్లపల్లిలో ఈరోజు రాత్రి దిగే పిల్లవాణ్ని ఎవరు పలకరిస్తారో అది కూడా చెప్పండి. నక్షాలో మార్పు గోడలు లేవకముందైతే ఒక కాగితం పని, లేచాక ఇంకో టెండరు. అది నాకంటే మీకు బాగా తెలుసు.

ఇట్లు
సికింద్రాబాద్ పౌరుడొకరు

ప్రతులు: కార్యదర్శి, మహిళా శిశు సంక్షేమ శాఖ, తెలంగాణ ప్రభుత్వం; తెలంగాణ రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్; హైదరాబాద్, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాల బాలల సంక్షేమ సమితులు.